విత్తనపు కాయను ముందే ఎన్నుకొనుడు



మన పెరళ్లలో ఒక అలవాటు కలదు. తీగకు కాచిన మంచి కాయలన్నియు కూరకు పోవును. ఆకుల చాటున ఎవరికంట బడక ముదిరిన చివరి కాయ విత్తనమునకు మిగులును. వాడిపోవుచున్న తీగ నుండి బలమైన పాదు ఎట్లు వచ్చును? ఏటేట ఇట్లే జరిగినచో మన ఊరి బీర, మన ఊరి సొర క్షీణించి, ప్రతి తొలకరికిని విత్తనముకొరకు అంగడికి పోవలసివచ్చును.

బీరనే చూతము. తెగులు లేక ఏపుగా ఎదిగి, మంచి కాయలు కాచు పాదును ముందే ఎన్నుకొనవలెను. దాని కాయ ముక్కను నాలుకకు తాకించి చూడుడు. చేదైనచో ఉమ్మివేసి, ఆ పాదును విత్తనమునకు విడువకుడు. బీరపూలు సాయంకాలమున విచ్చును. చెంత చేదుబీర యున్నచో పురుగులు దాని పుప్పొడిని మోసికొనివచ్చును. ఆ దోషము మరుసటి పంటలో బయటపడును. కావున మధ్యాహ్నమే మగ మొగ్గను, పిందెతోనున్న ఆడ మొగ్గను దారముతో మూసి కట్టవలెను. సాయంకాలము విప్పి, మగపూవు పుప్పొడిని ఆడపూవున కద్ది, మరల కట్టవలెను. కాడకు రంగు దారము కట్టినచో ఇంటివారు పొరపాటున కోయరు.

కాయ తీగపైననే ఎండి, ఊపిన గలగలలాడునప్పుడు కోసి, విత్తనములు దులిపి, తాలు చెరిగి, బాగుగా ఆరబెట్టవలెను. బూడిద కలిపి, బిగువైన మూతగల సీసాలో పోసి, రకము పేరు, కోసిన నెల వ్రాసి యుంచవలెను. విత్తుటకు ముందు 10 గింజలను తడిగుడ్డలో చుట్టి చూడుడు. 8 మొలిచినచో విత్తనము మంచిది. 5 మాత్రమే మొలిచినచో రెట్టింపు గింజలు వేయవలెను.

టమాటా, చిక్కుడు చాలవరకు తమ పూవులోని పుప్పొడితోనే కాయ గట్టును గనుక వాటికింత శ్రమ లేదు. హైబ్రిడ్ పంటనుండి తీసిన విత్తనము మాత్రము తల్లి పోలికతో రాదు. దానిని దాచుట వ్యర్థము.

రైతు తన విత్తనమును దాచుకొనుటకు, విత్తుకొనుటకు, ఇచ్చిపుచ్చుకొనుటకు 2001వ సంవత్సరపు మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము హక్కు నిచ్చినది. ఈ హక్కు ఆచరణలోనికి వచ్చుట మన చేతిలోనున్నది. ప్రతి వార్డులోను మంచి పాదులు పెంచు రెండిండ్ల వారిని సభ్యులు కలిసికొని, ఒక్కొక్క పాదును విత్తనమునకు విడువుమని కోరవలెను. తొలకరికి ముందు జరుగు గ్రామసభలో ఆ విత్తనములను పంచుకొందము. మంచి కాయ కనబడినపుడు కోయబోవు చేయి ఒక్కసారి ఆగినచో చాలును. వచ్చే యేటి పందిరికి విత్తనము ఊరిలోనే దొరకును.