మైకు ముందు మొదటి పాఠం

జర్నలిజం చదువంటే టీవీలో కనిపించడమే అనుకుంటారు చాలామంది. కానీ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. అప్పటికి మన ఇళ్లలో టీవీ ఎక్కడిది! ఈ చదువులో అసలు కష్టం చిన్న పనుల్లోనే ఉంటుంది. రేడియోకు రెండు నిమిషాల వార్త రాయాలంటే వాక్యం ఒక్క ఊపిరిలో అయిపోవాలి, అంకెలు తగ్గించాలి. చదివేటప్పుడు ‘ప’కారం దగ్గర మైకు ‘ఫట్’మనకుండా మొహం కాస్త పక్కకు తిప్పాలి. ఇలాంటి సాధనకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికైతే ‘బోల్ హైదరాబాద్’ అని సొంత రేడియోనే ఉంది. ఇక సిద్ధాంతాలంటారా, పరీక్షకు తప్పవు. చేరాలనుకునేవాళ్లు మాత్రం బ్రోషర్ చూసి మురిసిపోకండి. స్టూడియో తాళం విద్యార్థుల చేతికి ఎంతసేపు ఇస్తారో, అక్కడ చదువుతున్నవాళ్లనే అడగండి.