ఆటతో పాటు వచ్చిన కాపలాదారు



మీరిప్పుడు రేడియో వింటున్నారు. మీలో ఎవరు వంటింట్లో పని చేసుకుంటూ వింటున్నారో, ఎవరు ఈ ప్రసంగం మధ్యలోనే కట్టేస్తారో మైకు ముందు కూర్చున్న నాకు తెలియదు. ఒకప్పుడు రేడియో ఇంట్లో పెట్టుకోవాలంటే ఏటేటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మా తాతగారి లైసెన్సు పుస్తకం ఇంకా మా ట్రంకు పెట్టెలో ఉంది. దాని వల్ల సర్కారుకు తెలిసేది ఒక్కటే, ఈ ఇంట్లో రేడియో ఉందని. తాతగారు ఏ పాట విన్నారు, ఎంతసేపు విన్నారు, పక్కన అలమరలో ఏం దాచుకున్నారు అని ఎవరూ అడగలేదు.

ఈ పాత సంగతి నాకు గుర్తు రావడానికి కారణం ఒక కంప్యూటర్ ఆట.

మా ఊరు బళ్ళారి జిల్లాలో ఉంది. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, ఇదీ మా వాడుక. మా ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. నేను పిల్లల మార్కుల పట్టికలు చేసేది దాని మీదే, బ్యాంకు పనులూ దాని మీదే. మా అమ్మగారి వైద్య పరీక్షల కాగితాలు కూడా అందులోనే భద్రం చేశాం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి, పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బుతో ఒక ఆట కొనుక్కున్నాడు. ఒక్కడే ఆడుకునే ఆట, ఎదుటి ఆటగాడు ఎవరూ ఉండరు. కాసేపటికి వాడు నా దగ్గరికి వచ్చి, "నాన్నా, డబ్బు కట్టేశాను. ఇప్పుడు ఇంకోటి కూడా దించుకోమంటోంది" అన్నాడు.

"ఇంకోటి అంటే ఏమిట్రా?"

"లాంచర్ నాన్నా. అది లేకపోతే ఆట తెరుచుకోదు."

లాంచర్ అంటే ఆటను తెరిచే ప్రోగ్రాం. ఒక ఉదాహరణ చెబుతాను. మీరు సంతలో ఉయ్యాల బల్ల కొన్నారనుకోండి. అమ్మినవాడు బల్లతో పాటు ఒక మనిషిని కూడా పంపాడు. "ఈయన మీ ఇంట్లోనే ఉంటాడు. మీరు ఊగాలంటే ముందు ఈయనకు పేరు చెప్పాలి. ఎంతసేపు ఊగారో రాసి మాకు పంపుతాడు" అన్నాడు. మీరేమంటారు? "బల్లకు డబ్బిచ్చాను కదయ్యా, మనిషెందుకు?" అంటారు. నేనూ అదే అన్నాను.

అయితే రెండో వైపు కూడా చెప్పాలి. ఈ కాపలాదారు పనికిరానివాడేం కాదు. దొంగ కాపీలను అరికడతాడు. ఆటలో లోపాలుంటే సరిచేసిన భాగాలను తెచ్చి పెడతాడు. ఆడిన ఆట ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుంటాడు. ఈ పద్ధతికి దారి వేసింది అమెరికాలోని వాల్వ్ కంపెనీ. 2003లో స్టీమ్ అనే ప్రోగ్రాం తెచ్చింది. 2004లో హాఫ్ లైఫ్ 2 అనే ఆట విడుదల చేసినప్పుడు, దుకాణంలో డిస్కు కొన్నవాళ్ళు కూడా స్టీమ్ పెట్టుకుని తీరాలంది. తరువాత ఒక్కొక్క పెద్ద కంపెనీ తన సొంత లాంచర్ తయారు చేసుకుంది. ఇప్పుడు కొన్ని ఆటలకు ఒక లాంచర్ లోపల ఇంకో లాంచర్ తెరుచుకుంటుంది.

కాపలాదారు గుమ్మం దగ్గర ఉన్నంతవరకు పేచీ లేదు. ఇల్లంతా కలయజూడటం మొదలుపెట్టినప్పుడే చిక్కు. ఇది నా భయం మాత్రమే కాదు, జరిగిన సంగతులే మూడు చెబుతాను.

2011లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ ఆరిజిన్ అనే లాంచర్ తెచ్చింది. దాని ఒప్పందపత్రంలో, కంప్యూటర్‌లో ఏయే ప్రోగ్రాములున్నాయి, వాటిని ఎలా వాడుతున్నారు అనే వివరాలు కూడా సేకరించవచ్చని రాసుకున్నారు. జర్మనీలో ఆటగాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. కంపెనీ ఒప్పందం మాటలు మార్చింది, తాము గూఢచర్యం చేసే ప్రోగ్రాములు పెట్టబోమని చెప్పుకోవలసి వచ్చింది.

2019లో ఎపిక్ కంపెనీ లాంచర్, అదే కంప్యూటర్‌లో ఉన్న స్టీమ్ వారి ఫైలును వాడుకరిని అడగకుండానే చదివి, నకలు తీసి పెట్టుకుంటున్నట్టు బయటపడింది. అందులో మిత్రుల జాబితా ఉంటుంది. మనం ఒప్పుకుంటేనే ఆ వివరాలు తమకు చేరతాయని కంపెనీ చెప్పింది. అయినా అడగకముందే ఫైలు చదవడం తప్పేనని కంపెనీ అధిపతి టిమ్ స్వీనీ ఒప్పుకుని, సరిచేస్తామన్నారు.

మూడోది 2025 ఏప్రిల్‌లోది. ఆస్ట్రియాలో నోయిబ్ అనే గోప్యతా హక్కుల సంస్థ ఫ్రాన్సుకు చెందిన యూబీసాఫ్ట్ కంపెనీ మీద ఫిర్యాదు చేసింది. ఫార్ క్రై ప్రైమల్ అనే ఆట ఒక్కడే ఆడుకునేది. అయినా ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదని వాళ్ళు ఆరోపించారు. తెరిచిన 10 నిమిషాల్లో బయటి సర్వర్లతో 150 సార్లు సంబంధం పెట్టుకుందని ఆ ఫిర్యాదు సారాంశం. ఆట కొన్నాడో లేదో తెలుసుకోవడానికి ఒక్కసారి చాలు కదా, మిగతా సార్లు ఎందుకు అని వాళ్ళ ప్రశ్న.

మళ్ళీ మా ఇంటికి వద్దాం. లాంచర్ మా అబ్బాయిని పుట్టిన తేదీ అడిగింది. నిజం చెబితే పెద్దవాళ్ళ అనుమతి కావాలంటుందేమోనని వాడు నాలుగేళ్ళు ఎక్కువ వేసి రాశాడు. తరువాత పేజీల కొద్దీ ఒప్పందం వచ్చింది, అదీ ఇంగ్లీషులో. చదవకుండానే ఒప్పుకున్నానని నొక్కాడు. తీరా చూస్తే, కంప్యూటర్ పెట్టగానే నా మార్కుల పట్టికకంటే ముందు ఆ లాంచరే లేచి కూర్చుంటోంది. తీసేద్దామంటే ఆట పోతుంది. డబ్బు వాపసు అడిగే గడువు అప్పటికే దాటిపోయింది. అబద్ధమాడకూడదని బడిలో నేను చెబుతాను. ఆట ఆడుకోవడానికి నా కొడుకు మొదట చేసిన పని అబద్ధం రాయడం. వాణ్ణి మందలించబోయి ఆగాను. నేనైనా ఎన్నిసార్లు చదవకుండా ఒప్పుకున్నానో గుర్తొచ్చింది.

ఒప్పుకోవడాన్ని తెలుగులో ఒప్పుదల అంటాం, కన్నడంలో ఒప్పిగె అంటారు. రెండింటిలోనూ ఉన్నది 'ఒప్పు' అనే మాటే. కాదనే వీలున్నచోట అవునంటేనే అది ఒప్పుదల. డబ్బు కట్టించుకున్న తరువాత, "ఒప్పుకుంటావా, ఆట వదులుకుంటావా" అని అడిగితే దాన్ని ఒప్పుదల అనగలమా?

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక సంబంధం ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. ఆ దావా వేసిన కె.ఎస్. పుట్టస్వామి గారు మన కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆ తరువాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. కంపెనీలు పాటించవలసిన ముఖ్యమైన విధులకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027లో అమలుకు రావాలి.

అందులో మనం గుర్తుంచుకోవలసినవి మూడున్నాయి. ఒకటి, చెప్పిన పనికి అవసరమైన సమాచారానికే ఒప్పుదల వర్తిస్తుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ ఇచ్చారు. వైద్య సలహా ఇచ్చే యాప్ ఫోనులోని నంబర్ల జాబితా కూడా అడిగితే, మనం సరేనన్నా ఆ జాబితాకు అది చెల్లదు. రెండు, 18 ఏళ్ళు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. మూడోది మనలాంటి సరిహద్దువాళ్ళకు ముఖ్యం. ఒప్పుదల అడిగే పత్రాన్ని ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గాని చదువుకునే వీలు ఉండాలి. అందులో మన తెలుగుంది, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ కూడా ఉన్నాయి. ఏ రాష్ట్రంలో కాపురమున్నా, ఒప్పందాన్ని అమ్మభాషలో అడిగే హక్కు మనకుంటుందన్నమాట.

చట్టం పూర్తిగా అమలయ్యేదాకా మన జాగ్రత్త మనం చూసుకోవాలి. మా ఇంట్లో చేసినవి చెబుతాను. కంప్యూటర్‌లో అబ్బాయికి విడిగా ఒక ఖాతా తెరిచాను. నా కాగితాలు నా ఖాతాలో ఉంటాయి. దీనితో పూర్తి రక్షణ రాదు గాని, అడ్డుగోడ ఒకటి ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు లాంచర్ తనంతట తాను లేవకుండా ఆపేశాను. బ్యాంకుకు వాడే పాస్‌వర్డ్ ఆటకు వాడవద్దన్నాను. ఇకమీదట కొనేముందు, దీనికి వేరే ఖాతా కావాలా అని చూడాలన్నది మా నియమం. స్టీమ్ దుకాణంలో ఆ సంగతి ఆట పేజీలోనే రాసి ఉంటుంది. లాంచర్ అక్కర్లేకుండా ఆటలు అమ్మే గాగ్ వంటి దుకాణాలూ ఉన్నాయి.

ఇంకో మాట. అడిగితే ఫలితం ఉంటుంది. 2024 మే నెలలో సోనీ కంపెనీ, హెల్‌డైవర్స్ 2 అనే ఆటను కంప్యూటర్ మీద ఆడేవాళ్ళంతా తమ ఖాతా కూడా తెరవాలని షరతు పెట్టింది. ఆటగాళ్ళు పెద్ద ఎత్తున నిరసన తెలపడంతో కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది.

మా అబ్బాయి ఆట మానలేదు, నేను మాన్పించనూ లేదు. ఇద్దరం పక్కపక్కన కూర్చుని, పుట్టిన తేదీ సరిచేయమని కంపెనీకి ఉత్తరం రాశాం. ఒప్పందంలో నాలుగు పేజీలు వాడికి తెలుగులో చెప్పాను. మూడో పేజీ దగ్గర వాడు అడిగాడు: "నాన్నా, ఇదంతా వాళ్ళకెందుకు?"

ఆ ప్రశ్న మీ ఇంట్లో పిల్లలు కూడా అడిగేలా చూడండి. సెలవు.