ఖాళీ దొరకదు, సందులు దొరుకుతాయి
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఫోన్ చేస్తే నాకు నవ్వొచ్చింది. డ్రిల్లు పీరియడ్‌లో కాలునొప్పి అని చెప్పి చెట్టు కింద కూర్చున్నవాణ్ణి నేను. మన డ్రిల్లు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, కావాలంటే సాక్ష్యం చెబుతారు.

నాలుగేళ్ల కిందట, నాకు యాభై రెండు నిండిన ఏడు, ఆఫీసులో పెట్టిన వైద్య శిబిరంలో రక్తం తీశారు. హెచ్‌బీఏ1సీ అంటారే, మూడు నెలల షుగరు సగటు, అది 8.1 వచ్చింది. 6.5 దగ్గర్నుంచే షుగరు జబ్బు కింద లెక్క. మా నాన్నగారు ఇదే జబ్బుతో కాలివేళ్లు రెండు పోగొట్టుకున్నారు. రోజూ కట్టు మార్చింది నేనే. అందుకని ఆ కాగితంలో నాకు అంకె కనబడలేదు, ఆయన కాలు కనబడింది.

డాక్టరుగారు మాత్రలు రాసి, రోజూ గంట నడవమన్నారు. బూట్లు కొన్నాను. తొమ్మిది రోజులు నడిచాను. పదోరోజు సైటు నుంచి పొద్దున్నే ఫోను. అంతే, బూట్లు మంచం కిందికి పోయాయి. మనలో చాలామంది కథ ఇదే కదా!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు ఆ తర్వాత చదివాను. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చే పని కావాలి. అంతకుముందు ఒక్కో విడత కనీసం పది నిమిషాలుండాలనేవాళ్లు. ఆ షరతు తీసేశారు. రెండు నిమిషాలైనా లెక్కలోకి వస్తుందన్నమాట. ఒకే స్తంభం మీద పడే బరువును పది స్తంభాలకు పంచడం ఇంజనీరుకు కొత్త కాదు.

1953లోనే జెర్రీ మోరిస్ అనే డాక్టరు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బంది లెక్కలు ప్రచురించారు. రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ. వాళ్లెవరూ జిమ్ముకు వెళ్లలేదు, టిక్కెట్లు కొట్టారంతే.

నేనూ సందులు వెతుక్కున్నాను. ఇంటికెళ్లేటప్పుడు రామవరప్పాడు రింగు దగ్గరే బస్సు దిగి గుణదలకు నడుస్తాను. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద, లేనిచోట దేవుడి మీద భారం వేసి. రోహిణి కార్తెలో మాత్రం ఆ సాహసం చెయ్యను, ఆఫీసు వరండాలోనే తిరుగుతాను. ఫోను మోగితే కుర్చీలోంచి లేస్తాను. అన్నం తిన్నాక పది నిమిషాలు నడక తప్పనిసరి. నాలుగంతస్తులూ మెట్లే.

మెట్లకు లెక్క కూడా వేశాను. 80 కిలోల మనిషి మూడు మీటర్ల అంతస్తు ఎక్కితే, కండరాల సామర్థ్యం పాతిక శాతం అనుకున్నా, ఖర్చయ్యేది రెండు కేలరీల పైచిలుకు. నాలుగంతస్తులకు పది కూడా కాదు, ఒక ఇడ్లీకి చాలదు! కాబట్టి బరువు తగ్గుతారని నేను చెప్పను. కానీ పనిచేస్తున్న పిక్కలూ తొడలూ ఇన్సులిన్ సరిగా పనిచెయ్యకపోయినా రక్తంలోంచి చక్కెర లాక్కుంటాయి. నాకు కావలసింది అదే.

ఇప్పుడు నా అంకె 6.8. మాత్రలు మానలేదు, మానమని ఎవరికీ చెప్పను. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేసినట్టుంటే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నిన్న సాయంత్రం మా బ్యాచ్ ఏడుగురం మేరీమాత కొండెక్కాం. అప్పట్లో ఒక్క పరుగున వెళ్లేవాళ్లం. నిన్న మూడుచోట్ల కూర్చున్నాం. మాకంటే ముందు పరిగెత్తేవాడు ఒకడుండేవాడు, నిరుడు గుండెపోటుతో పోయాడు. కూర్చున్న ప్రతిచోటా వాడి మాటే.

మాస్టారూ, ఇంకాసేపట్లో భోజనాలు. పులిహోర, బూరెలు ఉన్నాయట. తిన్నాక అందరం గ్రౌండు చుట్టూ పది నిమిషాలు తిరుగుదాం. ఈల మీరే ఊదాలి. ఈసారి నాకు కాలునొప్పి లేదు.