ప్రతి ఆదివారం వచ్చే మనిషి



రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు పాదిరీ 1841లో బందరు చేరాడు. 1843 నవంబరులో బడి తెరిచాడు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి సుమారు 30,000 మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత కూడా ఆయన ఊరు విడిచి పోలేదు. 1865 అక్టోబరులో బందరులోనే కన్నుమూశాడు. ఇవాళ్టి నోబుల్ కాలేజీకి ఆ పేరు అలా వచ్చింది. ఒకే ఊరి కుర్రాళ్ళ మధ్య అన్నేళ్ళు ఉండిపోవడమే ఆయన కథలో అన్నిటికన్నా పెద్ద సంగతి.

ఇవాళ చర్చి కుర్రాళ్ళకూ అలా నిలిచి ఉండే పెద్దలే కావాలి. కానీ గుడివాడలోనో అవనిగడ్డలోనో చర్చి యూత్ కూటానికి తోడుగా ఉండమని పాస్టరుగారు అడిగితే చాలామంది పెద్దలు వెనకాడతారు. "నాకు వాక్యం చెప్పడం రాదండీ" అంటారు. వాక్యం చెప్పడానికి పాస్టరుగారు ఉన్నారు. పిల్లలకు కావలసింది ఇంటి మనిషి కాకపోయినా తమను పేరు పెట్టి పిలిచే పెద్ద దిక్కు. చిలకలపూడిలో రోల్డు గోల్డు పనికి వెళ్ళే కుర్రాడు, పెడనలో అద్దకం పనివాళ్ళ ఇంటి పిల్ల, డీఎస్సీ కోచింగ్ కోసం అవనిగడ్డలో గది తీసుకున్న అమ్మాయి ఒకే చాప మీద కూర్చుంటారు. ముగ్గురికీ కలిపి "బాగా చదువుకోండి" అంటే ఎవరికీ తగలదు. ఒక్కొక్కరినీ అడగాలి, అడిగాక నోరు మెదపకుండా వినాలి.

రెండు వారాలు వచ్చి మూడో వారం మాయమైతే పిల్లలు వెంటనే పసిగడతారు. నెలకు రెండు ఆదివారాలే కుదిరితే ఆ మాట ముందే చెప్పి, ఆ రెండూ తప్పకుండా రావడం మేలు.

కుర్రాళ్ళకు పని అప్పగించడం కూడా అంతే ముఖ్యం. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు క్రిస్టియన్ ఎండీవర్ సంఘం మొదలుపెట్టాడు. కూటంలో ప్రతి సభ్యుడూ ఏదో ఒక విధంగా పాలుపంచుకోవాలన్నది అందులో నియమం. క్రిస్మస్ క్యారల్స్‌కి వ్యాను మాట్లాడటం, చందాల లెక్క రాయడం కుర్రాళ్ళ చేతికే ఇచ్చేస్తే ఆ నియమం ఇక్కడా పనిచేస్తుంది. లెక్కలో 200 రూపాయలు తేడా వస్తే పుస్తకం లాక్కోకూడదు, పక్కన కూర్చుని మళ్ళీ కూడించాలి.

ఇక అసలు జాగ్రత్తలు. ఒక పిల్లతోనో పిల్లాడితోనో మాట్లాడాల్సి వస్తే తలుపు తీసే ఉండాలి, ఇంకో పెద్దమనిషి కనుచూపులో ఉండాలి. ఆడపిల్లలు ఉన్న కూటానికి ఆడమనిషి తోడు తప్పనిసరి. రాత్రిపూట ఒక్కరికే వాట్సాప్ మెసేజీలు పెట్టడం ఎంత మంచి మనసుతో చేసినా వద్దు. "ఎవరికీ చెప్పను" అని ముందుగా మాట ఇవ్వనే కూడదు. 18 ఏళ్ళు నిండని బిడ్డపై లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం అంటుంది. సంఘం పరువు పోతుందని దాచినా అది నేరమే. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. ఇంటర్ ఫలితాలప్పుడు ఎవరైనా మాటల్లో చావు ప్రస్తావన తెస్తే కొట్టిపారేయకుండా దగ్గర కూర్చోవాలి, ఇంట్లోవాళ్ళకు చెప్పాలి, టెలీ మానస్ 14416కి ఫోన్ చేయాలి.

పిక్నిక్ అనగానే మంగినపూడి బీచో హంసలదీవో గుర్తుకొస్తాయి. అక్కడ కెరటం లోపలికి లాగేస్తుంది. తల్లిదండ్రుల సంతకం, తిరిగి ఎక్కేటప్పుడు తలల లెక్క, మోకాలు దాటి నీళ్ళలోకి వెళ్ళనివ్వని కాపలా కుదరకపోతే ఆ ఏడాది పిక్నిక్ చర్చి ఆవరణలో చేసుకోవచ్చు. పిల్లలు అలుగుతారు. అలగనివ్వాలి.

పెద్దయ్యాక వీళ్ళలో చాలామంది విజయవాడ, హైదరాబాద్ పోతారు. వాళ్ళతో సంబంధం తెగిపోకుండా ఉండటానికి ఒక చిన్న నోటుబుక్కు అవసరం. అందులో పేరు, చదువు లేదా పని, పరీక్ష తేదీ, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు ఉంటే చాలు. పిల్లలు చెప్పుకున్న బాధలు మాత్రం అందులో రాయకూడదు. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఇంటికి ఒక ఫోన్ వెళ్ళాలి. మొదటి పేజీ రాయడానికి వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట సరిపోతుంది.