నాయుడు అను పేరు: దాని పుట్టుక, దేశాంతర వ్యాప్తి



దక్షిణాఫ్రికాదేశపు తూర్పుతీరమున డర్బను అను రేవుపట్టణము కలదు. అచ్చటి భారతీయులలో మిక్కిలి విరివిగా వినవచ్చు వంశనామములలో నాయుడు ఒకటి. వైద్యులలో నాయుడు, వకీళ్లలో నాయుడు, ఉపాధ్యాయులలో నాయుడు, అంగడివారిలో నాయుడు. తండ్రి నాయుడు, కొడుకు నాయుడు, కోడలు నాయుడు, పెండ్లికాని కూతురు సైతము నాయుడే. ఈ మాట విన్నచో మన పల్లెలలోని వృద్ధులు నవ్వుదురు. ఏలయన, మనకు నాయుడు ఇంటిపేరు కాదు. ‘ఫలానా నాయుడుగారు’ అని ఎవరైన చెప్పినచో ‘ఏ ఇంటివారు?’ అని మరల ప్రశ్నించుట మన వాడుక. ఇంటిపేరు కాని మాట సముద్రము దాటినంతనే ఇంటిపేరెట్లయ్యెను? దాని చాటున మరుగుపడిన అసలు ఇంటిపేర్ల గతి ఏమయ్యెను? ఈ రెండు ప్రశ్నలను నేడు విచారింతము.

మొదట పదము పుట్టుక. సంస్కృతమున ‘నీ’ ధాతువునకు కొనిపోవుట, నడుపుట అని అర్థము. దానిపై ణ్వుల్ ప్రత్యయము చేరగా నాయక శబ్దమేర్పడును. నలుగురిని ముందుండి నడుపువాడు నాయకుడు. ఆ మాటయే తెలుగువారి నాలుకపై నలిగి నాయడు, నాయుడు అయ్యెను. తమిళదేశమున నాయకర్ అయ్యెను. కన్నడ, మహారాష్ట్ర దేశములలో నాయక్ అయ్యెను. కాకతీయులనాడు రాజు ఒక సేనానికి కొన్ని గ్రామములనొసగి, వాని ఆదాయముతో ఇంత సైన్యమును పోషించి యుద్ధకాలమున తోడ్పడవలెనని నియమించెడివాడు. ఈ ఏర్పాటును నాయంకరమనిరి. కావున నాయకత్వము మొదట కొలువులో దొరకిన పదవి. పదవి బిరుదమయ్యెను, బిరుదము తండ్రినుండి కొడుకునకు దిగెను. కాలక్రమమున కమ్మ, బలిజ, తెలగ, వెలమ, గవర, తూర్పుకాపు మున్నగు పలు శాఖలవారు దానిని పేరు చివర ధరించిరి.

దీనికి దృష్టాంతము మన గోదావరి ఒడ్డుననే కలదు. 1323వ సంవత్సరమున ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట, తెలుగుదేశమును తిరిగి నిలువబెట్టిన వీరులలో ముసునూరి ప్రోలయనాయకుడు ముఖ్యుడు. ఆయన రేకపల్లిని నెలవుగా చేసికొని పాలించెనని విలస తామ్రశాసనము తెలుపుచున్నది. ఆ రేకపల్లి పూర్వపు భద్రాచలము తాలూకాలోనిది; 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన వరరామచంద్రపురము మండలములోనిది. ఆ వీరుని పేరును విడదీసి చూడుడు. ముసునూరి అనునది ఇంటిపేరు. ప్రోలయ అనునది తల్లిదండ్రులు పెట్టిన పేరు. నాయకుడు అనునది బిరుదము. తెలుగువాని పేరు సంపూర్ణముగా ఉన్నపుడు ఈ మూడంగములును ఈ క్రమముననే ఉండును. ఇంటిపేరు ముందు నడచును; బిరుదము వెనుక నడచును.

భద్రాద్రి రామునకు ఆలయము కట్టించిన భక్తుని లోకము రామదాసు అని పిలిచినను, మనము కంచెర్ల గోపన్న అని ఇంటిపేరుతోనే తలచుచున్నాము. స్వామిని మొట్టమొదట కనుగొన్నదని చెప్పుకొను వృద్ధురాలిని పోకల దమ్మక్క అందుము. ఇంటిపేరు చెప్పినంతనే ఊరు, బంధుత్వము, గోత్రము ఒకటివెంట నొకటి తెలిసివచ్చును. వియ్యమందదగునా కాదా అనునది దానితోనే తేలును.

ఇక సముద్రము దాటుదము. ఆంగ్లేయుల వలసలలో బానిసత్వము రద్దయిన తరువాత చెరకుతోటలకు కూలీలు కావలసివచ్చిరి. ఐదేండ్ల ఒడంబడికపై మనదేశపు బీదసాదలను ఓడలనెక్కించిరి. అగ్రిమెంటు అను ఆంగ్లపదమును వారు గిరిమిట్ అనిరి. మారిషసు ద్వీపమునకు 1834లో మొదటి ఓడ చేరెను. నెటాలునకు 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి 342 మందితో చేరెను. 1911 వరకు నెటాలు చేరినవారు లక్షా ఏబదిరెండువేలకు పైబడిరి. అందు సుమారు మూడింట రెండువంతులు చెన్నపట్టణపు రేవున ఎక్కినవారు. విశాఖపట్టణము, గంజాము, గోదావరి, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు సీమల తెలుగువారు అందు కలరు.

ఓడ యెక్కునపుడు గుమాస్తా ఒక పట్టీ వ్రాసెడివాడు. సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఎత్తు, దేహముపై గల గుర్తులు—వీనికన్నిటికి గడులుండెను. పుట్టుమచ్చకు చోటు దొరకెను. ఇంటిపేరునకు ప్రత్యేకముగా గడి లేకపోయెను. వచ్చినవాడు ‘అప్పన్న’ అని చెప్పెను. గుమాస్తా అంతమాత్రమే వ్రాసెను. పరదేశమున పిల్లలు పుట్టినపుడు, బడిలో చేర్చునపుడు, భూమి కొనునపుడు, తెల్లదొర పద్ధతిని పేరు చివర ఒక వంశనామము కావలసివచ్చెను. చివర నున్నది బిరుదమైనచో బిరుదమే వంశనామమయ్యెను. అట్లు నాయుడు, రెడ్డి అను మాటలు ఇంటిపేర్ల పీఠమెక్కెను. బిరుదము లేనివారికి తాతపేరే వంశనామమయ్యెను. దక్షిణాఫ్రికాలో అప్పలస్వామి యనియు, మారిషసులో సింహాద్రి యనియు వంశనామములు కలవు. సింహాచలపు అప్పన్నస్వామిని కొలిచిన ఉత్తరాంధ్రుల జాడ ఆ పేర్లలో నేటికిని చెదరక యున్నది. నాయుడు అను పేరులో అంతపాటి జాడయును దొరకదు.

వ్రాతను గూర్చియు ఒకమాట. నాయుడు అను మాట తుది ఉకారమును స్వదేశమున ఆంగ్లములో ‘యు’ అక్షరముతో వ్రాయుట వాడుక. నెటాలు, మారిషసు లేఖకులు రెండు ‘ఓ’ అక్షరములతో వ్రాసిరి. కావున రెండు ‘ఓ’ లు గల నాయుడు ఎచ్చట కనబడినను, ఆ కుటుంబము ఆ రేవులలో ఒకదానిని తాకి వచ్చినదని చాలవరకు ఊహింపవచ్చును. 1971లో జర్మనీదేశపు మన్‌హైము నగరమున జన్మించిన గాయకుడు జేవియర్ నాయుడు పేరులో ఆ రెండు ‘ఓ’ లే కలవు. ఆయన తల్లిదండ్రులు దక్షిణాఫ్రికానుండి పోయినవారు.

ఆ దేశమున ఈ పేరు కీర్తిని గడించినది. మారిషసులో 1875లో జన్మించిన తంబినాయుడు జొహానెస్‌బర్గున గాంధిమహాత్మునకు కుడిభుజమై, పలుమారులు చెరసాలకు పోయెను. 1913లో న్యూకాసిల్ బొగ్గుగని కూలీల సమ్మెను నడపినవారిలో ఆయన ఒకడు. పిమ్మటి కాలమున జే నాయుడు 1985లో ఏర్పడిన దక్షిణాఫ్రికా కార్మికసంఘముల మహాసమాఖ్యకు తొలి ప్రధానకార్యదర్శియై, 1994లో నెల్సన్ మండేలా మంత్రివర్గమున చేరెను. కుమి నాయుడు ప్రకృతిరక్షణకై పనిచేయు గ్రీన్‌పీస్ సంస్థకు 2009 మొదలు 2015 వరకు ప్రపంచనిర్వాహకుడుగా నుండెను. వీరి పేర్లు లోకమునకు తెలియును. వీరి తాతముత్తాతల ఇంటిపేర్లు మాత్రము లోకమునకు తెలియవు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నాయుడు అను పేరు గలవారందరును తెలుగు మాటలాడువారని తలపరాదు. తంబినాయుడు తమిళమును మాతృభాషగా గలవాడు. విజయనగరరాజుల కాలమున తెలుగు నాయకులు మధుర, తంజావూరు సీమలకు పోయి రాజ్యములేలిరి; వారివెంట పోయిన కుటుంబములు తరములు గడచునప్పటికి పెక్కు తమిళము మాటలాడజొచ్చెను. మరియు ఓడ దిగినచోట తమ పూర్వపు కులమును మరుగుపరచి, గౌరవప్రదమని ఈ బిరుదమును గైకొన్నవారును కలరని పరిశోధకులు చెప్పుదురు. ఇందు నిందింపదగినది లేదు. స్వదేశమున తలయెత్తనీయని సంఘమును విడిచిపోయినవాడు క్రొత్తనేలపై గౌరవము గల పేరును కోరుట మానవసహజము. బిరుదమును ఎవరైనను ధరింపవచ్చును గనుక, దానినిబట్టి వంశమును నిర్ణయింపజాలము.

ఇతర ద్వీపములలో కథ కొంత మారినది. ఫిజీకి 1879 మొదలు 1916 వరకు సుమారు 60,000 మంది పోయిరి. 1903 తరువాత చెన్నపట్టణమునుండి పోయినవారు సుమారు 15,000. అచ్చటను నాయుడు, రెడ్డి అను పేర్లు నిలిచినవి. తండ్రిపేరు తగిలించుకొనుటయు వాడుకయయ్యెను. మలేషియాలో ‘ఫలానావాని కుమారుడు’ అని తండ్రిపేరు వ్రాయుట పద్ధతి. ఆ పద్ధతిలో తరము మారినప్పుడెల్ల చివరి పేరు మారుచుండును. రెండుతరముల వెనుకటి మాట మాసిపోవును.

స్వదేశమున సైతము ఈ మరుగు జరిగినది. సరోజినీదేవి వంగదేశీయుల బిడ్డ. పెండ్లిచేత నాయుడు అయినది. ఆమె భర్త గోవిందరాజులు నాయుడుగారి ఇంటిపేరు ముత్యాల. 1924లో ఆమె దక్షిణాఫ్రికాకు పోయినపుడు అచ్చటి భారతీయులు స్వాగతమిచ్చినది నాయుడు అను పేరునకే. భారతదేశపు తొలి టెస్టు క్రికెట్టు జట్టునకు 1932లో నాయకుడైన సి.కె. నాయుడుగారి పూర్తిపేరు కొఠారి కనకయ్య నాయుడు. కొఠారి అను ఇంటిపేరు ‘సి’ అను ఒక్క ఆంగ్లాక్షరమున ముడుచుకొనిపోయినది.

1965లో అమెరికా తన వలసచట్టమును సడలించిన తరువాత చదువుకొన్న తెలుగువారు పెక్కండ్రు అచ్చటికి పోయిరి. వీరు కాగితములు తామే నింపుకొనగలవారు. వంశనామమను గడిలో ఇంటిపేరునే వ్రాసిరి. నాదెళ్ల సత్యనారాయణ అచ్చట సత్య నాదెళ్ల అయ్యెను. 2021లో ఆకాశపుటంచు చూచివచ్చిన బండ్ల శిరీష అచ్చట శిరీష బండ్ల అయినది. పేరు తలక్రిందులైనది గాని ఇంటిపేరు బ్రతికినది. నెటాలు కూలీకిని వీరికిని గల భేదము అక్షరజ్ఞానమే. తన పేరు తాను వ్రాసికొన్నవాని ఇంటిపేరు నిలిచినది. ఇతరులచేత వ్రాయించుకొన్నవాని ఇంటిపేరు నశించినది.

పెద్దలారా! ఇది దూరదేశపు ముచ్చట యని ఊరకుండరాదు. మన అడవిసీమలో కోయసోదరులకు మడకం, సోడె, కుంజ, తెల్లం, కారం, పాయం అను ఇంటిపేర్లు కలవు. ప్రతి ఇంటిపేరును ఒక గట్టునకు చేరును. మూడవగట్టు, ఐదవగట్టు అని గట్టునుబట్టి వేల్పు, గట్టునుబట్టి వియ్యము. ఒకే గట్టువారు అన్నదమ్ములు. వారిలో పెండ్లి కూడదు. ఇంటిపేరు చెడినచో వారికి ధర్మమార్గమే తప్పును. 2005 తరువాత దండకారణ్యమున చెలరేగిన హింసకు వెరచి పెక్కు కుటుంబములు సరిహద్దు దాటి మన అడవులలో గుడిసెలు వేసికొన్నవి. అచ్చట హిందీలో వ్రాయబడిన ఇంటిపేరు ఇచ్చట తెలుగులో వేరొక రూపము తాల్చుచున్నది. నా బడిలో చదివిన ఒక బాలునకు రెండు పత్రములలో రెండు రూపములుగా ఇంటిపేరు పడుటచే కులధ్రువీకరణ పత్రము దొరకక ఒక విద్యాసంవత్సరము వ్యర్థమయ్యెను. పోలవరము ముంపుగ్రామములనుండి క్రొత్త కాలనీలకు తరలు కుటుంబములున్నవి. ఊరు నీట మునిగినచో ఆ ఊరిని జ్ఞాపకముంచునది ఇంటిపేరొక్కటియే. మైదానపు పిల్లలలోను ‘కె అనగా నేమి?’ అని నేనడిగినచో బదులు చెప్పలేనివారిని తరగతికి నలుగురైదుగురను చూచితిని.

ఇక చేయదగినది చెప్పెదను. మొదటిది: బిడ్డను బడిలో చేర్చునపుడు ఇంటిపేరును పొడి అక్షరముగా గాక పూర్తిగా వ్రాయింపుడు, ఆధారుకార్డులోను, పట్టాపుస్తకములోను అదే రూపముండునట్లు చూడుడు. రెండవది: ఇంటింట ఒక పుస్తకమున ఇంటిపేరు, గోత్రము లేక గట్టు, ఇలవేల్పు, తాతముత్తాతల పేర్లు, పూర్వపు గ్రామము వ్రాసియుంచుడు. ఆడబిడ్డలను ఏ ఇంటికిచ్చితిరో అదియు వ్రాయుడు. పుట్టింటి పేరు ముందుగా మరపున పడునది వారికే. మూడవది: మీ తాతలనాడు రంగముననో, మలయాననో, మారిషసుననో కలసిపోయినవారిని గూర్చి విన్నమాటలున్నచో వానిని ఒకచోట చేర్పుడు.

ఈ మూడవది ఏల అందురా? నెటాలు ఓడపట్టీలు నేటికిని డర్బనులో భద్రముగా ఉన్నవి. వానిలో తన ముత్తాత గ్రామమును చూచికొని ఆ ఊరు వెదకుచు వచ్చు మనుమలు కలరు. వారివద్ద గ్రామము పేరుండును, తండ్రిపేరుండును, ఇంటిపేరుండదు. ఆ కొరతను తీర్పగలవాడు రచ్చబండపై కూర్చుండు వృద్ధుడొక్కడే. ‘మా పెదతాత తమ్ముడు అప్పన్న ఓడనెక్కిపోయి మరల రాలేదు, మాది ఫలానా ఇల్లు’ అని అతడు చెప్పగలిగినచో, నూటయేబది సంవత్సరములుగా బిరుదముతోనే గడపిన కుటుంబమునకు ఇల్లు దొరకును. ఆ వృద్ధుడు జీవించియున్నపుడే ఆ మాట కాగితముపైకి రావలెను. నేటి రాత్రియే మీ మనుమని చేతికి కలమిచ్చి, మొదట మీ ఇంటిపేరు వ్రాయింపుడు.