ఒకే ఒరలో రెండు కత్తులు

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దల మాట. కంప్యూటరు విషయములో మాత్రము ఈ మాటకు మినహాయింపు కలదు. ఒకే యంత్రములో విండోస్, లినక్స్ అను రెండు నిర్వహణ వ్యవస్థలను నెలకొల్పి, కావలసినపుడు కావలసినదానిని మేల్కొలుపవచ్చును. అది ఎట్లు సాధ్యమో, ఎక్కడెక్కడ జాగ్రత్త వహింపవలెనో నేడు మనవి చేయదలచినాము.

ఈ ప్రయాస ఎవరికి అవసరమో ముందు చూతము. సిరికొండ వంటి మండల కేంద్రములో పెండ్లి పత్రికలు, కరపత్రములు, దరఖాస్తులు టైపు చేయు దుకాణమొకదానిని ఊహింపుడు. అట్టిచోట తెలుగు పని తరచుగా అను ఫాంట్లతో, పేజ్‌మేకరుతో సాగును. అవి విండోస్ కొరకు నిర్మితమైనవి. ఏండ్ల తరబడి చేసిన పనియంతయు ఆ అక్షరములలోనే ఉన్నది గనుక విండోస్‌ను ఒక్కసారిగా విడిచిపెట్టుట తేలిక కాదు. కాని విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ ఇచ్చు సాధారణ రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతా ఏర్పాటు ఉండవలెను. పాత యంత్రములు పెక్కింటికి అది లేదు. సవరణలు లేని వ్యవస్థతో ఇంటర్నెట్టులోనికి పోయి, ఊరివారి ఆధార్ కాగితములు, బ్యాంకు వివరములు తెరచుట క్షేమము కాదు. కొత్త యంత్రము కొనలేనివారికి ఒక మధ్యేమార్గము కలదు. టైపు పని విండోస్‌లోను, ఇంటర్నెట్టు పని లినక్స్‌లోను చేసికొనుటయే ఆ మార్గము.

లినక్స్ మూలభాగమగు కెర్నెల్‌ను 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ వ్రాయ మొదలిడెను. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రణాళికలోని పనిముట్లు దానికి తోడైనవి. దీనిని ఎవరైనను వాడవచ్చును, దిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఉబుంటు వంటి దాని రూపములు వెల లేకయే లభించును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులో అందించుటకు కృషి చేసినది.

ఇక పనిలోనికి వత్తము. అన్నిటికన్న ముందు, యంత్రములోని పత్రములను వేరొక డిస్కులోనికి నకలు తీసికొనవలెను. ఈ మెట్టును దాటవేయుట తగదు. బిట్‌లాకర్ అను తాళము వేసియున్నచో, దాని 48 అంకెల పునరుద్ధరణ సంఖ్యను కాగితముపై వ్రాసి దాచుకొనవలెను.

పిదప విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయవలెను. అది ఉన్నంతకాలము, యంత్రమును మూసినను విండోస్ పూర్తిగా నిద్రింపదు. తన స్థితిలో కొంత భాగమును డిస్కుపై దాచుకొనును. ఆ సమయమున లినక్స్ వచ్చి అదే భాగములో వ్రాసినచో పత్రములు చెడిపోవచ్చును.

తరువాత స్థలము. నిజాంసాగరు ఆయకట్టులో అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు నడుమ గట్టు వేసికొందురు గదా! డిస్కుకు కూడ అట్టి గట్టే వేయవలెను. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా దాని భాగమును కుదించి, 50 జీబీ వరకు ఖాళీగా విడువవలెను. ఈ పని జరుగుచుండగా కరెంటు పోరాదు. ల్యాప్‌టాపు అయినచో బ్యాటరీని నిండుగా నింపుకొనవలెను. మేజా యంత్రమునకు ఇన్వర్టరు ఆధారముండుట మేలు.

వరుసలో విండోస్ ముందు, లినక్స్ వెనుక రావలెను. ఏలయనగా విండోస్ తన్ను తాను నెలకొల్పుకొనునపుడు తన ద్వారమునే ముందుంచును; పక్కవానిని లెక్కింపదు. లినక్స్ అట్లు కాక, ఇదివరకున్న విండోస్‌ను గుర్తించి తన పట్టికలో చేర్చుకొనును.

లినక్స్‌ను పెన్‌డ్రైవుపై ఎక్కించి, దాని నుండియే మొదట నడిపి చూడవచ్చును. వైఫై, ధ్వని, ప్రింటరు, తెలుగు అక్షరములు సరిగా ఉన్నవో లేవో అప్పుడే తెలియును. నచ్చినచో స్థాపన మొదలిడవలెను. అచట రెండు దారులు కనబడును. ఒకటి విండోస్ పక్కన నిలుపుట; రెండవది డిస్కునంతయు తుడిచివేయుట. రెండవదానిని నొక్కినవాని ఏండ్ల శ్రమ నిమిషములలో మాయమగును. కావున ఆ తెరపై ప్రతి పంక్తిని రెండుసార్లు చదువవలెను.

పని ముగిసిన పిమ్మట, యంత్రము తెరచినపుడెల్ల గ్రబ్ అను పట్టిక ప్రత్యక్షమై ఏ వ్యవస్థ కావలెనని అడుగును. ఒక్కొక్కప్పుడు విండోస్ సవరణ జరిగినపుడు ఆ పట్టిక కనబడకపోవచ్చును. అంతమాత్రమున లినక్స్ పోయినదని భయపడనక్కరలేదు. యంత్రపు ప్రారంభ అమరికలలో వరుసను మార్చిన చాలును.

చివరి చిక్కు గడియారము. యంత్రములోని గడియారము స్థానిక కాలమును చూపునని విండోస్ భావించును. అది విశ్వకాలమని లినక్స్ భావించును. భారత కాలమునకు తేడా ఐదున్నర గంటలు. లినక్స్ నుండి విండోస్‌కు మరలినపుడు గడియారము అంతమేర వెనుకబడి కనబడుట ఇందువలననే. స్థానిక కాలమునే పాటింపుమని లినక్స్‌కు ఒక్క ఆజ్ఞ ఇచ్చినచో తగవు తీరును.

ఈ ఏర్పాటు కలకాలము నిలువవలసినదని మేము చెప్పము. అను అక్షరములలోని పాత పత్రములను కొద్దికొద్దిగా యూనికోడులోనికి మార్చుకొనుచు పోయినచో అవి ఏ యంత్రముపైనైనను తెరుచుకొనును. అంతవరకు విండోస్‌ను ఇంటర్నెట్టుకు తగిలింపకుండ, బయటి పెన్‌డ్రైవులను పరీక్షింపక చొప్పింపకుండ కాపాడుకొనిన, మూలకు చేరవలసిన యంత్రము మరి కొన్నేండ్లు యజమానికి అన్నము పెట్టగలదు.