7 రోజుల మందు, ఆ తర్వాతి గండం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి, రక్తవ్యాధుల వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో ఎముక మూలుగ నిండా ఎదగని తెల్లకణాలు పెరిగిపోయి, మంచి రక్తకణాలకు చోటు లేకుండా చేస్తాయి. అందుకే నీరసం, విడవని జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం. వారాల్లోనే ముదిరే జబ్బు ఇది. రక్తపరీక్షలో అనుమానం వస్తే మూలుగ పరీక్షతో నిర్ధారిస్తాం.

1970ల నుంచి వాడుతున్న చికిత్స '7+3': సైటరబిన్ 7 రోజులు, డానోరూబిసిన్ వంటి మందు 3 రోజులు. ఇవి జబ్బు కణాలతోపాటు మంచి కణాలనూ తుడిచేస్తాయి. మూలుగ కోలుకోవడానికి సుమారు 3, 4 వారాలు పడుతుంది. అసలు గండం అప్పుడే. జ్వరం వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. వెంటనే యాంటీబయాటిక్ పడాలి. రక్తస్రావం కాకుండా ప్లేట్‌లెట్లు ఎక్కించాలి. అవి సాధారణంగా 5 రోజులే నిల్వ ఉంటాయి. ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కావు, మనుషులే ఇవ్వాలి.

జబ్బు అణిగాక కూడా మరికొన్ని విడతల మందు, కొందరికి మూలకణ మార్పిడి అవసరమవుతాయి. అంటే దాతల అవసరం ఒక్కరోజుతో తీరేది కాదు.

మన సంఘం సభ్యుల జాబితాలో పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. వాటి పక్కన బ్లడ్ గ్రూపు కూడా ఈరోజే రాయించండి. ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా నేను కోరేది అదొక్కటే.